సంఘం సూటు మీద మూడు మచ్చలు

రాయ్‌పూర్ గోల్‌బజార్‌లో కొసరు పిండటంలో నన్ను మించినవాళ్ళు అప్పట్లో లేరు. నా గొప్ప నేనే చెప్పుకోవాల్సి వస్తోంది గానీ, ఆ బజారు దుకాణదారులు ఎవరైనా సాక్ష్యం చెబుతారు. నేను మెట్టెక్కడం చూసి కొందరు లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చునేవారు. అలాంటి నేను, మా బాబాయి పెళ్ళికి రెండు రోజుల ముందు, ఇల్లు కడగడానికి బకెట్లూ చీపుళ్ళూ కొని, బేరమంతా తెగాక, డబ్బు కొట్టువాడి చేతిలో పెట్టబోతూ ఆగి, అతని వెనక నేలమీద ఉన్న సీసా వైపు చూశాను. "అరే బేటీ, అబ్ మేరీ టోపీ భీ లే జాయేగీ క్యా?" అన్నాడతను, తన టోపీ కూడా పట్టుకుపోతావా అని. "టోపీ మీరే ఉంచుకోండి సేఠ్‌జీ, ఆ సీసా చాలు" అన్నాను నా దుకాణం హిందీలో. అది ఉర్లా ఫ్యాక్టరీల వైపు నుంచి సైకిలు మీద డబ్బాల్లో తెచ్చి విడిగా అమ్మే బ్లీచింగ్ నీళ్ళ సీసా. నిండుగా ఉంది. మూత లేదు. మూత బదులు పాలిథిన్ ముక్క చుట్టి రబ్బరుబ్యాండు వేశాడు. ఊరికే వచ్చిన సరుక్కి మూత కూడా అడిగితే బాగుండదని నేనే ఊరుకున్నాను. నా జీవితంలో మొహమాటపడింది ఆ ఒక్కసారే. ఆ సీసాని గర్వంగా తెచ్చి, పక్క వీధిలో డ్రైక్లీనింగ్ నుంచి అప్పుడే తీసుకున్న పెళ్ళికొడుకు సూటు పక్కన, రిక్షాలో, ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంత తెలివైన పని మా వంశంలో నాకు ముందుగానీ తర్వాతగానీ ఎవరూ చేయలేదు.

ఈ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన నెల మా అమ్మాయి బాత్రూమ్ కడుగుతూ నల్ల కుర్తీ మీద చుక్కలు పడేసుకుంది. నేను గాభరాగా చల్లనీళ్ళు పట్టుకుని పరిగెత్తితే అది ఫోన్ చూసుకుంటూ, "వదిలెయ్ మమ్మీ, ఇంకోటి ఆర్డర్ పెట్టేశా" అంది. ఆ సాయంత్రమే తెలీబంధాలో ఒక పెద్ద అద్దాల షాపుకి తీసుకెళ్ళి నాకో జీన్స్ ప్యాంటు చూపించింది. తొడల మీద సరిగ్గా మా సూటు మీద పడ్డలాంటి మచ్చలే, ఎవరో పనిగట్టుకుని వేసినవి. మచ్చ లేని ప్యాంటు పక్కనే చవగ్గా ఉంది. "మచ్చలు తీసేసి ఎంతకిస్తారు బాబూ?" అని అడిగాను. ఆ సేల్స్ కుర్రాడు నవ్వలేదు. ఫిక్స్‌డ్ రేట్ మేడమ్ అన్నాడు. నాలాంటిదానికి ఇంతకు మించిన వృద్ధాప్యం ఉండదు.

మా నాన్న కొట్టు అదే తెలీబంధాలో, చెరువు చుట్టూ ఇన్ని దీపాలూ నడకదారులూ రాకముందు, చెరువు వాసన చెరువులాగే ఉన్న రోజుల్లో ఉండేది. రాష్ట్రం కొత్తగా ఏర్పడి రాయ్‌పూర్‌కి రాజధాని అన్న పేరు వచ్చింది గానీ మా వీధికి ఇంకా ఆ కబురు అందలేదు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఇటుపక్క సింధీవాళ్ళ బట్టల దుకాణం, అటుపక్క ఒక ఫోటో స్టూడియో. పప్పులు, సబ్బులు, అగరొత్తులు, నోటుబుక్కులు, ఇంకుసీసాలు, తువ్వాళ్ళు, జాకెట్టుబట్టలు అన్నీ ఒకే గదిలో ఉండటంవల్ల మా ఇంట్లో అన్నానికి కూడా కొద్దిగా సబ్బు వాసన ఉండేది. కాకినాడ దగ్గర నుంచి మా తాతతో వచ్చిన నాయనమ్మ గల్లాపెట్టె పక్కన పీటమీద కూర్చుని, హిందీలో అడిగినవాళ్ళకి తెలుగులో జవాబు చెప్పి, అయినా సరుకు అమ్మేది. బేరం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. కావలసినదాని వైపు మొదట చూడకూడదు, చివర మాత్రమే చూడాలి అనేది. అది నేను బాగా నేర్చుకున్నాననే ఆ సీసా రుజువు చేసింది.

అమ్మ నర్సు. ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక పెరట్లో తెల్ల యూనిఫారాలు బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టేది. ఆ బకెట్టుకి గుర్తుగా పిడికి ఎర్రగుడ్డ కట్టి ఉండేది. అది కనబడితే రంగుబట్టలు కట్టుకున్నవాళ్ళెవరూ అటువైపు పోకూడదు. ఆ పనికోసమే అమ్మకి ఒక ఆకుపచ్చ చీర ఉండేది. దానిమీద ఏళ్ళ తరబడి పడ్డ చుక్కలతో, దూరం నుంచి చూస్తే ఏదో కొత్తరకం ప్రింటులా ఉండేది. ఒకసారి సింధీ ఆంటీ ఆ చీర ఎక్కడ కొన్నావని అడిగింది కూడా. ముక్కుని పొడిచే ఆ వాసన, తర్వాత నీలిమందు వాసన, ఆ తర్వాత ఎండలో ఆరిన గంజి వాసన: మా ఇంట్లో ఆదివారం ఆ వరసలో గడిచేది. అంటే బ్లీచింగ్ గురించి ఏమీ తెలియని ఇల్లు కాదు మాది. అన్నీ తెలిసిన ఇల్లు. అందుకే ఇంకా సిగ్గు.

ఇక సూటు సంగతి చెప్పాలి. మా తెలుగు చర్చి సంఘంలో ఎక్కువమంది రైల్వేలోనో ఆసుపత్రుల్లోనో జీతాలమీద బతికేవాళ్ళు. పెళ్ళికూతురికి తెల్లచీర ఎంత తప్పనిసరో పెళ్ళికొడుక్కి సూటూ అంతే. ఒక్కరోజు కోసం సూటు కుట్టించుకోవడం అందరికీ భారమే. అందుకని ఎవరో పుణ్యాత్ముడు ఇచ్చిపోయిన ముదురు నీలం టెర్రీవూల్ సూటు ఒకటి పాస్టరమ్మగారి బీరువాలో, కలరా ఉండల మధ్య, ఉండేది. పెళ్ళి కుదిరినవాడు వెళ్ళి తెచ్చుకోవాలి, తన ఒంటికి తగ్గట్టు కుట్లు బిగించుకునో విప్పుకునో వేసుకోవాలి, మళ్ళీ డ్రైక్లీనింగ్ చేయించి తిరిగివ్వాలి. సంఘంలో సగంమంది మగవాళ్ళ పెళ్ళిఫోటోల్లో ఒకటే సూటు, తలలు మాత్రం మారాయి. పొడుగువాళ్ళకి చేతులు పొట్టి, పొట్టివాళ్ళకి వేళ్ళు కనబడవు. తిరిగిచ్చేటప్పుడు పాస్టరమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని కాలరు నుంచి అంచుదాకా తడిమి చూసేవారు. బైబిలు కూడా అంత శ్రద్ధగా చదవరని నాయనమ్మ అనేది.

మా శామూ బాబాయికి ఆ సూటు మామూలు సూటు కాదు. ఉద్యోగం లేకుండా అన్న కొట్లో కూర్చుంటాడన్న ఒక్క కారణానికి అతనికి వచ్చిన సంబంధాలు వచ్చినట్టే వెళ్ళిపోయాయి. చివరికి దగ్గర్లోని తిల్దాలో ఒక సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు కరుణ, నర్సు. తండ్రి రైల్వేలో గార్డు. ఆయన ఒప్పుకున్నాడు గానీ నిశ్చితార్థంనాడు మా అందరి ముందే, "దుకాణం మనుషులు కదండీ, అన్నిట్లో మిగుల్చుకుంటారు. మా అమ్మాయి పెళ్ళిలో మాత్రం మిగుల్చుకోకండి" అన్నాడు నవ్వుతూ. నవ్వింది ఆయనొక్కడే. ఆ మాట బాబాయికి గొంతులో ముల్లులా ఉండిపోయింది. పెళ్ళిలో ఏ లోటూ రాకూడదు, ముఖ్యంగా పీనాసితనం వాసన రాకూడదు అని ఇంట్లో రోజూ చెప్పేవాడు. అలాంటి ఇంటికి నేను ఆ వాసనని సీసాలో పట్టుకొచ్చాను.

రిక్షా దిగేటప్పటికి పాలిథిన్ జారిపోయి ఉంది. డ్రైక్లీనింగ్ కాగితం తడిసింది. విప్పి చూస్తే కోటు ఎడమవైపు కాలరు మడత మీద ఒకటి, ఎడమ చేతి మీద రెండు మచ్చలు. తెల్లగా కూడా లేవు.

"ఏటే ఇది? కోటు మీద బెల్లంపాకం ఎవరు పోశారే?" అంది నాయనమ్మ.

"బెల్లం కాదు నాయనమ్మా. బ్లీచింగ్."

"ఎక్కడ కొన్నావ్?" అన్నాడు నాన్న.

"కొనలేదు నాన్నా. కొసరు."

ఒక్క క్షణం, ఒట్టు, నాన్న ముఖంలో మెప్పు కనబడింది. తర్వాత కోటు కనబడింది.

డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన అమ్మ చెప్పులు కూడా విప్పలేదు. "ముందు చల్లనీళ్ళు. రుద్దొద్దు, అద్దండి. అడుగున పాతగుడ్డ పెట్టండి" అని కోటుని పంపు కిందికి లాక్కుపోయింది. నాయనమ్మ లోపలినుంచి కోసిన నిమ్మకాయ పట్టుకొచ్చింది. "నిమ్మకాయకి పోని మచ్చ ఉందా?"

"అత్తయ్యగారూ, ఆ పులుపు దీనికి తగిలితే ఘాటు పొగ లేస్తుంది. మచ్చ ఇక్కడే ఉంటుంది, మనమే పోతాం."

"అయితే చారులో పిండుకుంటాలే" అని నాయనమ్మ వెనక్కి తిరిగింది.

ఇంతలో బాబాయి వచ్చాడు. కోటు చూశాడు. అరవలేదు. బియ్యంబస్తా మీద కూర్చుని, "ఇంక మా మావగారికి చెప్పే పనుండదు. పెళ్ళికొడుకు కూడా సేల్లో వచ్చిన సరుకే అనుకుంటాడు" అన్నాడు. అరిచి ఉంటే నాకు బాగుండేది.

నీళ్ళతో కడిగినా వాసన పోలేదు. వాసన ఉన్నంతసేపూ అది లోపల బట్టని తింటూనే ఉంటుందంది అమ్మ. పక్క స్టూడియో మిశ్రాజీ, పాస్‌పోర్టు ఫోటోలు కడిగే గదిలోంచి, కాగితంలో పొట్లం కట్టి పంచదార పలుకుల్లాంటి హైపో మందు ఇచ్చాడు. "పానీ మే ఘోల్ కే లగావో భాభీ, వహీఁ రుక్ జాయేగా" అన్నాడు, నీళ్ళలో కలిపి రాస్తే అక్కడితో ఆగుతుందని. పెళ్ళి ఫోటోలకి అతన్నే మాట్లాడుకున్నాం, నేనే బేరమాడాను. అయినా పొట్లం ఇవ్వడం అతని మంచితనం. అది కలిపిన నీళ్ళు దూదితో అద్దాక వాసన పోయింది. మంట ఆరిందన్నమాట. కాలిన గోడలు మాత్రం అలాగే ఉన్నాయి.

తర్వాత అమ్మ స్పిరిట్ సీసా తీసింది. మచ్చ చుట్టూ ఉన్న రంగుని స్పిరిట్ దూదితో మచ్చలోకి లాగితే కొన్ని బట్టల్లో కప్పుకుపోతుందట, వార్డులో ఎవరో చేస్తే చూసింది. ఎంత అద్దినా మా కోటు రంగు అంగుళం కదల్లేదు. పక్కా రంగు. బట్ట మంచిది కావడం అంత నష్టమని మా దుకాణంలో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. మేమమ్మే తువ్వాళ్ళయితే స్పిరిట్ అక్కర్లేదు, చూస్తేనే రంగు దిగేది.

ఇక మిగిలింది ఇంకు. నాన్న గల్లా ముందు బల్లమీద పేపరు పరిచి, బ్లూబ్లాక్ ఇంకులో నల్ల ఇంకు చుక్కలు కలిపి, ఆ మెరుపు చావడానికి కొంచెం టీ డికాక్షన్ పోసి, మొదట ప్యాంటు లోపలి మడతమీద రాసి చూశాడు. నిజమైన వ్యాపారి శాంపిల్ చూడకుండా ఏదీ చేయడు. అగ్గిపుల్లకి దూది చుట్టి, ఒక పూత, ఆరాక ఇంకో పూత. నేను పరీక్ష అట్టతో విసురుతున్నాను. నాయనమ్మ ప్రార్థన చేస్తోంది, మధ్యమధ్యలో కళ్ళు తెరిచి, "ఆ మూల వదిలేశావురా" అంటోంది.

"వదినా, ఆపరేషన్ ఎలా ఉంది?" అన్నాడు బాబాయి బస్తామీద నుంచి.

"పేషెంటు బతుకుతాడు. అందానికి గ్యారంటీ లేదు."

ట్యూబులైటు కింద చూస్తే మచ్చ జాడే లేదు. నాన్న కోటుని అటూ ఇటూ తిప్పి, సింధీ అంకుల్ని పిలిచి చూపించి, ఆయన కూడా కనిపెట్టలేకపోయాక, అందరం అన్నాలు తిన్నాం. మర్నాడు పొద్దున పెరట్లోకి తెస్తే మూడు మచ్చలూ నేరేడుపండు రంగులో నవ్వుతున్నాయి. కొనేవాళ్ళు బట్టని వీధిలోకి తీసుకెళ్ళి ఎండలో చూస్తామంటే అడ్డుపడి, లైటు కింద బాగా కనబడుతుంది చూడండి అని చెప్పి అమ్మిన మనుషులం మేము. అదే మాట మాకు మేమే చెప్పుకుని, నమ్మేశాం. బజారంతా ఎరిగిన ఎత్తుకి ఇంటిల్లిపాదీ పడ్డాం.

మళ్ళీ కెలికితే బట్ట చిరుగుతుందంది అమ్మ. పాస్టరమ్మగారికి చెప్పేద్దామన్నాడు నాన్న. పెళ్ళయ్యాక చెబుదాం అన్నాడు బాబాయి. నాయనమ్మే తేల్చింది: "చర్చిలో ఎండెక్కడిది? కాలరు మీద పెద్ద పువ్వు గుచ్చండి. చెయ్యి సంగతా, పెళ్ళికూతురు పట్టుకునే చెయ్యే అది. పట్టుకోనివ్వండి."

మే నెల. రాయ్‌పూర్ ఎండ గురించి తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. చర్చిలో ఫ్యాన్లు వేడిగాలినే తిరగ్గొట్టి మా మీదికి పంపుతున్నాయి. బాబాయి కాలరు మీద గులాబీ దాదాపు కాలీఫ్లవరంత ఉంది. ప్రమాణాలయ్యాయి, ఉంగరాలయ్యాయి, రిజిస్టర్లో సంతకాలయ్యాయి. తర్వాత కరుణ, తెల్లచీర, తెల్ల ముసుగు, చేతులకి తెల్ల నెట్ గ్లోవ్స్‌తో, బాబాయి ఎడమచేతిని పట్టుకుంది. సరిగ్గా అక్కడే. నాయనమ్మ నా వైపు చూసి కనుబొమ్మలెగరేసింది. పాటతో పాటు వాళ్ళిద్దరూ గుమ్మందాకా నడిచారు. మేమెవరమూ అనుకోనిదల్లా ఒకటే. చొక్కా, అస్తరు, టెర్రీవూల్ అన్నీ దాటుకుని బాబాయి చెమట ఆ చేతిమీదికి వచ్చేసింది.

బయట ఎండలో ఫోటోకి నిలబడ్డారు. గార్డుగారు కూతురి పక్కకి వచ్చారు. ఎర్రజెండా, పచ్చజెండా తేడా చూపించి జీతం తీసుకున్న మనిషి. రంగు ఆయన కంట పడకుండా పోదు.

"ఏంటమ్మా చేతికి?"

కరుణ చెయ్యి ఎత్తి చూసుకుంది. తెల్ల గ్లోవ్ అరచేతినిండా నేరేడు రంగు. మిశ్రాజీ కెమెరా వెనకనుంచి తల బయటపెట్టాడు. అమ్మ చేతిసంచిలో ఏదో వెతకసాగింది. బాబాయి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, సెలవు తీసుకుంటున్నవాడి చూపులా ఉంది. గార్డుగారి కళ్ళు కూతురి చేతి నుంచి అల్లుడి చేతి మీదికి బయల్దేరాయి.

కరుణ మళ్ళీ బాబాయి చేతిని, అక్కడే, గట్టిగా పట్టుకుంది.

"సంతకం పెట్టాను కదా నాన్నా. పెన్ను కారింది."

"నా పెన్నా?" అన్నారు పాస్టరుగారు పక్కనుంచి. "నాది రీఫిల్ పె..."

"అయ్యగారూ, మీరిటు రండి, ఫోటోలో మీరు లేకపోతే ఎలా?" అని పాస్టరమ్మగారు ఆయన్ని మోచెయ్యి పట్టుకుని లాగేశారు. లాగుతూ బాబాయి కాలరు మీది కాలీఫ్లవర్నీ, మా నాన్ననీ ఒకసారి చూశారు. ఆవిడకి అప్పటికే అంతా అర్థమైంది. సూటుని అంతగా తడిమి చూసిన చేతులవి.

"చర్చికి ఒక మంచి పెన్ను లేదా!" అని గార్డుగారు చిరాకుపడి, రుమాలు తీసి కూతురి చెయ్యి తుడవబోయారు. మిశ్రాజీ ఫోటో తీసేశాడు.

మర్నాడు పొద్దున పెరట్లో గ్లోవ్ నానబెడుతూ, "రూతమ్మా, ఇంకు ఎవరు కలిపారు?" అని అడిగింది పిన్ని. అప్పటికే ఆమె నాకు పిన్ని. నేను ఏడుస్తూ అంతా చెప్పాను. ఆమె నవ్వి, "చెయ్యి వెయ్యగానే తడి తగిలింది. కోపం వచ్చి మీ బాబాయి ముఖం చూశాను. ఆ ముఖం చూశాక ఇంకేం అనగలనే?" అంది. ఇంతకంటే ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. ఆమె డ్యూటీ లేనప్పుడు కొట్లో కూర్చోవడం మొదలుపెట్టాక కొనేవాళ్ళని వీధిలోకి తీసుకెళ్ళి ఎండలో చూపించి మరీ అమ్మింది. మొదట్లో నాన్నకి అది చాదస్తంలా కనిపించింది, తర్వాత గిరాకీలా కనిపించింది.

గార్డుగారు ఊరుకోలేదు. మరుసటి నెల రాయ్‌పూర్ వచ్చి, డబ్బీలో పెట్టిన ఖరీదైన పెన్నొకటి చర్చికిచ్చారు. "ఇంకే ఆడపిల్ల చెయ్యీ పాడవకూడదు" అన్నారు. ఆ పెన్నుతో ఎవరు సంతకం పెట్టినా వాళ్ళకి ఆయన ఆ కథ చెప్పాల్సిందే: మా అమ్మాయి చేతినిండా ఇంకు పడ్డా నవ్వుతూనే నిలబడింది, అల్లుడివాళ్ళు దేనికీ వెనకాడలేదు, చర్చి పెన్నొక్కటే పరువు తీసింది అని. మా దుకాణం మనుషుల గురించి ఆయన మళ్ళీ ఒక్క మాట అనలేదు. పాస్టరుగారు మాత్రం ఆ కథ వచ్చినప్పుడల్లా నేల చూస్తూ ఓర్చుకునేవారు.

ఆ గార్డుగారు ఈమధ్యే తిల్దాలో పోయారు. సమాధి దగ్గరనుంచి వచ్చాక వాళ్ళింటి అరుగుమీద పిన్నీ నేనూ కూర్చున్నాం. ఎందుకో అడిగేశాను, ఆయనకి ఎప్పుడైనా అసలు సంగతి చెప్పావా పిన్నీ అని.

"లేదే. పెళ్ళయిన వారంలోనే చెబుదామనుకున్నాను, నవ్వుకునేవాళ్ళం. ఈలోపల ఆయన ఆ పెన్ను కొనేశారు. కొన్నాక ఎలా చెప్పను? మొన్న ఆసుపత్రిలో కూడా పక్కమంచం అతనికి అదే కథ చెబుతున్నారు. నా చెయ్యి పట్టుకుని, ఇదే చెయ్యి అని చూపిస్తున్నారు. నేను అవునన్నాను."

కాబట్టి లెక్క ఇదీ, ఏమీ మిగుల్చుకోకుండా. సీసా ఊరికే వచ్చింది. సంఘానికి నాన్న కొత్త సూటు కుట్టించి ఇచ్చాడు, అంటే కొనకుండా గడుపుకుందామనుకున్నదే కొన్నాం. పాత సూటు బాబాయికి మిగిలింది, ఎప్పుడూ వేసుకోలేదు. గ్లోవ్స్ జత పోయింది. పాస్టరుగారి పెన్ను పరువు పోయింది, అది మేమెవరమూ తీర్చలేదు. మా ఇంటి పరువు మాత్రం చెక్కుచెదరకుండా నిలిచింది. దాని ఖరీదు, మొదటివారంలో చెప్పి నవ్వుకోవాల్సిన మాట ఒకటి తండ్రికి చెప్పలేక, ఆసుపత్రి మంచం దగ్గర కూడా అవుననాల్సి రావడం. అది కట్టింది మేము కాదు. పిన్ని కట్టింది.